వేసి విప్పిన ముడి

పొమోరియె,
3 ఫిబ్రవరి 1971

పెద్దమ్మా,

నీ ఊలు మేజోళ్లు అందాయి. ఈ ఏడు రెండు జతలు వచ్చాయేమిటా అని విప్పి చూస్తే రెండో జత నా బొటనవేలంత ఉంది. అంటే నాన్న నీకు చెప్పేశాడన్నమాట. నేనే రాద్దామనుకున్నాను, మాటలు కూడలేదు. అవును, అయిదో నెల దాటింది. జూన్ రెండో వారంలో అంటున్నారు.

స్టామెన్ కొత్త సంవత్సరం వెళ్లగానే ఓడ ఎక్కాడు. అట్లాంటిక్‌లో ఎక్కడో చేపలు పడుతున్నారు, జూలైకి గాని రాడు. నేను రోజూ ఉప్పుమడుల గట్ల మీద నడుస్తూ నీళ్ల చిక్కదనం కొలుస్తున్నాను. చలికాలం మడుల్లో నీళ్లు కదలవు. ఆకాశమే కిందికి దిగి కూర్చున్నట్టుంటుంది, ఏది పైనో ఏది కిందో తెలియదు.

నా బాధల్లా నడుము. పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. డాక్టర్ పెట్కోవా చూసి, "అంతా సవ్యంగా ఉందమ్మా, ఇది అందరికీ వచ్చేదే" అంది. అందరికీ వస్తే నాకు తగ్గుతుందా? మాత్రలు ఎక్కువ మింగొద్దంది. ఇక్కడి నల్లబురద నొప్పులకి మంచిదని, అందులో కూర్చోవడానికి దేశమంతా వస్తుంది గాని, కడుపుతో ఉన్నవాళ్లకి ఆ వేడి పనికిరాదని నన్ను గుమ్మంలోనే ఆపేశారు. నువ్వు నలభై ఏళ్లు మంత్రసానివి కదా, ఏదైనా దారి చెప్పు.

ఇంకో మాట. అమ్మకి నేను కడుపులో ఉన్నప్పుడు ఇలాగే నొప్పి ఉండేదా? నాన్నని అడిగితే లేచి పొయ్యిలో కట్టెలు సర్దుతాడు. నన్ను కని చచ్చిపోయిందని తప్ప అమ్మ గురించి నాకేమీ తెలియదు. నీకు తెలుసు. ఆమె పక్కన ఉన్నది నువ్వే.

నీ రుమెనా

*

దుబ్రావా,
14 ఫిబ్రవరి

రుమెనా పిల్లా, నీకూ నీ కడుపులో బిడ్డకీ దీవెనలు.

మీ నాన్న నాకు ఉత్తరం రాసి ఇరవై ఏళ్లు దాటింది, ఆయన్ని అనకు. నువ్వు పంపిన ఫొటోలో మొగుడి పక్కన నిలబడి నడుం మీద చెయ్యి ఆనించిన తీరు చూసి తెలుసుకున్నాను. నలభై ఏళ్లు ఊరికే చెయ్యలేదు ఈ పని.

ఇప్పుడు కాన్పులన్నీ కింద పట్నం ఆసుపత్రిలోనే. నాకు మిగిలింది గొర్రెలూ, నడుం నొప్పులూ. మొన్న జనవరిలో మంత్రసానుల పండుగకి ఊళ్లో ఆడవాళ్లు సబ్బూ, తువ్వాలూ, నీళ్లచెంబూ పట్టుకొని ఆనవాయితీ ప్రకారం మర్యాదగా నా చేతులు కడగడానికి వచ్చారట. నేను ఏటా చేసినట్టే తలుపుకి తాళం వేసి గొర్రెల దగ్గరికి పోయాను. "ఊరంతా ఒక దారి, కేరాది ఒక దారి. ముసలిదానికి పొగరు" అనుకుంటూ పోయారట. అనుకోనీ.

ఇక నీ నడుము సంగతి. పార్శిల్లో ఊలు పట్టీ ఉంది. పొట్ట మీద కాదు, పొట్ట కింద కట్టుకో. బరువు మొయ్యడానికి ఒక చెయ్యి సాయం ఉన్నట్టుంటుంది. మీ ఊళ్లో ఉప్పుకి కరువు లేదు కదా, గుప్పెడు గుప్పెడుగా నూలు సంచిలో పోసి వేడి చేసి నడుముకి పెట్టుకో. చేతికి హాయిగా ఉండే వేడి చాలు, పొట్టకి తగలనియ్యకు. రోజూ కాసేపు మోకాళ్లూ చేతులూ ఆనించి నేల తుడువు. నేల మురికిగా లేకపోయినా తుడువు. బిడ్డ ముందుకి వేలాడి నీ వెన్నుకి సెలవు దొరుకుతుంది. పడుకుంటే ఎడమపక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో. నొప్పి వచ్చినప్పుడు పళ్లు బిగించకు, పాడు. మా కొండపాట తెలుసుగా, ఒక్క మాట పాడటానికి ఒక ఊపిరంతా పడుతుంది. మాటలు రాకపోతే ఊరికే మూలుగు, గొంతు కింది నుంచి, సన్నగా. ఊపిరి పొడుగైతే నొప్పి పొట్టిదవుతుంది.

దారం వేరే కవర్లో ఇవాళే టపాలో వేస్తున్నాను. ఒక ఎర్ర పోగు, ఒక తెల్ల పోగు, చివర కలిపి కట్టాను. ఇది మా అవ్వ నాటి పద్ధతి. నొప్పి వచ్చి, వెచ్చదనానికో విశ్రాంతికో పోతే ఎర్ర పోగు మీద ముడి వెయ్యి. ఎంత చేసినా పోని నొప్పి, ఉండకూడని చోట వచ్చే నొప్పి, తెల్ల పోగు మీద. ఎర్ర ముళ్లు నావి, తెల్ల ముళ్లు డాక్టరువి. తెల్ల ముడి ఒక్కటి పడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. నెలకొకసారి దారం నాకు పంపు. ఎలా ఉన్నావో నీ రాతకన్నా అదే బాగా చెబుతుంది.

ఈ ఉత్తరం తడవకుండా పట్టీలో చుట్టి పెడుతున్నాను.

మీ అమ్మ గురించి అడిగింది చదివాను. గొర్రెలు ఈనే రోజులు, తీరిక లేదు.

కేరా పెద్దమ్మ

*

పొమోరియె,
12 మార్చి

పెద్దమ్మా,

నీ కవరు సరిగ్గా మార్చి ఒకటిన అందింది! ఉత్తరం ముక్క లేదు, ఎర్ర తెల్ల దారం ఒక్కటే. ఎంత గుర్తు పెట్టుకొని పంపావో అనుకున్నాను. మార్చి ఒకటిన అందరూ కట్టుకునే మార్తెనిత్సా దారాలు ఇక్కడ దుకాణంలో కొన్నవన్నీ రంగు వెలిసే పత్తివే, నీది అసలైన ఊలు. మణికట్టుకి కట్టుకొని పన్లోకి వెళితే అందరూ ముట్టుకొని చూశారు.

నిన్న, ఇక దారం విప్పొచ్చని చెప్పే మొదటి కొంగ కనబడింది. మడుల మీద ఒక్కతే, కాళ్లు వేలాడేసుకొని, రెక్క కొట్టకుండా పోయింది. గట్టు చివర బాదం చెట్టు విరగబూసి ఉంది. ఆనవాయితీ ప్రకారం దారం విప్పి దాని పూలకొమ్మకి కట్టి, కళ్లు మూసుకొని కోరుకున్నాను. ఏమని అంటే, నా నడుం నొప్పి ఈ చెట్టుకి పోవాలని. నవ్వకు. ఇవాళ పొద్దున గోడ పట్టుకోకుండా లేచాను.

ఉత్తరం రాయలేదెందుకో నాకు అర్థమైంది. అమ్మ మాట ఎత్తకుండా ఉండాల్సింది. ఇక ఎత్తనులే.

నీ రుమెనా

*

దుబ్రావా,
20 మార్చి

ఓసి నా తెలివైన పిల్లా,

గొర్రెపిల్ల కాళ్లు ఒక చేత్తో పట్టుకొని, నీ ఉత్తరం ఇంకో చేత్తో పట్టుకొని చదివి, రెండూ వదిలేసి నవ్వాను. నడుం నొప్పిని తీసుకెళ్లి బాదం చెట్టుకి కట్టినదాన్ని నిన్నే చూశాను. చెట్టు వంగిపోయిందేమో చూసి రా.

తప్పు నాదే. వాడే తీరు పార్శిల్లో పెట్టి, దారం కవర్లో పంపాను, అది ముందు చేరింది. మార్చి ఒకటిన ఎర్ర తెల్ల దారం వస్తే ఈ దేశంలో ఎవరైనా ఏమనుకుంటారు? ఈపాటికి పార్శిలు అంది ఉంటుంది. రెండో దారం దీంతో పంపుతున్నాను. ఏ కొంగ కనబడ్డా దీన్ని విప్పకు. తెల్ల ముళ్లు నా పని కాదన్నది మాత్రం మరిచిపోకు.

నెల నెలా డాక్టరు దగ్గరికి పోతున్నావా? నేను నొప్పి తగ్గిస్తాను, అది ఎందుకొచ్చిందో ఆమె చెబుతుంది. ఇద్దరం కావాలి.

మీ అమ్మ చాలా నవ్వేది. గిన్నె జారి పగిలినా నవ్వేది. అంతే.

కేరా పెద్దమ్మ

*

పొమోరియె,
11 ఏప్రిల్

పెద్దమ్మా,

పార్శిలు అందింది, నీ పట్టీ నన్ను మోస్తోంది. ఉప్పుసంచి నడుముకి ఆనించుకొని కిటికీ పక్కన కూర్చుంటే ఒళ్లంతా కరిగి మడుల్లో కలిసినట్టుంటుంది. నేల తుడిచి తుడిచి అద్దంలా ఉంది. పక్కింటి గ్రోజ్దా వచ్చి, "ఏమే, ఎవరొస్తున్నారు, మంత్రిగారా?" అంది. గట్టు మీద నడుస్తూ నీ కొండపాట మూలుగుతున్నాను. పిట్టలకి భయం పోయింది, దగ్గరికే వస్తున్నాయి. ఎర్ర పోగు మీద అయిదు ముళ్లు పడ్డాయి, అన్నీ వచ్చి పోయినవే.

ఇంత హాయిగా ఉంది కదా అని ఈ నెల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. బస్సులో కుదుపులు. వచ్చే నెల వెళతాను.

ఎత్తనన్నాను గాని ఎత్తుతున్నాను. అమ్మ నవ్వేదని రాశావు. ఆ ఒక్క మాటని ఎన్నిసార్లు చదివానో. పెద్దమ్మా, ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారైనా మమ్మల్ని చూడటానికి రాలేదు. ఏటా మేజోళ్లు వచ్చాయి, నువ్వు రాలేదు. చిన్నప్పుడే నాకు తోచింది. నేను పుట్టడం వల్లే నీ చెల్లెలు పోయింది. నన్ను చూస్తే నీకు అదే గుర్తొస్తుంది. నిజమే కదా? నిజమైతే కోపం తెచ్చుకోను. ఇప్పుడు ఈ నొప్పుల పుణ్యమా అని నీ ఉత్తరాలు వస్తున్నాయి, నాకు అంతే చాలు.

నీ రుమెనా

*

దుబ్రావా,
18 ఏప్రిల్

రుమెనా,

డాక్టరు దగ్గరికి వెళ్లు. హాయిగా ఉందని మానేస్తారా ఎవరైనా? హాయిగా ఉన్నప్పుడే వెళ్లాలి. దారం వెంటనే పంపు.

నువ్వు రాసిన మిగతాదీ చదివాను. అది నిజం కాదు. నిజమేమిటో కాగితం మీద పెట్టడం నాకు చేతకావడం లేదు.

కేరా

*

పొమోరియె,
27 ఏప్రిల్

పెద్దమ్మా,

ఇదిగో దారం. తొమ్మిది ముళ్లు, లెక్కపెట్టుకో, అన్నీ ఎర్రవే. తెల్ల పోగు నున్నగా ఉంది. నేను నీదాన్నే.

మేడే పండుగ అయ్యాక డాక్టరు దగ్గరికి వెళతాను, ఒట్టు. ఇప్పుడు నడవాలంటే స్టామెన్ బూట్లు వేసుకోవాల్సి వస్తోంది, నా చెప్పులు పట్టడం లేదు. ఉంగరం సబ్బు రాసి తీశాను. నిన్నటి నుంచి మొహం కూడా గుండ్రంగా అయిపోయి, అద్దంలో ఎవరో బలిసిన చుట్టం నవ్వుతున్నట్టుంది.

కాని పెద్దమ్మా, మడులు ఈ వసంతంలో ఎంత అందంగా ఉన్నాయో నీకెలా చెప్పను. నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతున్నాయి. ఎండ పడితే ప్రతి మడీ చిన్న చిన్న వెండి చేపలతో నిండినట్టు మెరుస్తుంది. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నా ఆ మెరుపులు పోవడం లేదు. గోడ మీద ఈదుతుంటాయి, కళ్లు మూసుకుంటే రెప్పల లోపల ఈదుతుంటాయి. బిడ్డ తనతో సముద్రాన్ని తెస్తోందనుకున్నాను. తల కొంచెం బరువుగా ఉంటోంది, ఎండకేమో. కుడిపక్క ఎముకల కింద బిడ్డ కాలు పెట్టి తన్నుతోంది కాబోలు, అక్కడ ఒత్తినట్టుంటుంది. నీ పాట మూలిగితే కాస్త ఓర్చుకోగలుగుతున్నాను. అందుకే అది ఎర్రదే అనుకున్నాను.

నిజం కాదని రాశావు. మరేది నిజం? నేను ఆగగలను. నాకు తొందరేమీ లేదు, ఈ నీళ్ల దగ్గర కాలం కదలదు.

నీ రుమెనా

*

టెలిగ్రాము
3 మే 1971

రుమెనా ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లు. బస్సు కోసం ఆగకు. కళ్లకి మెరుపులు, తలనొప్పి, పక్కటెముకల కింద నొప్పి, ఒళ్లు వాపు అని చెప్పు. పాట పాడకు. వెళ్లు. కేరా

*

దుబ్రావా,
4 మే

రుమెనా తల్లీ,

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం అందగానే పోస్టాఫీసుకి పరిగెత్తి టెలిగ్రాము ఇచ్చాను. జవాబు లేదు. ఈ ఉత్తరం నువ్వు చదువుతావో లేదో నాకు తెలియదు. అందుకే రాయగలుగుతున్నాను.

ముందు దారం సంగతి. తెల్ల పోగు నున్నగా ఉందన్నావు. నా వేళ్లకి కళ్లున్నాయి పిల్లా. మూడు చోట్ల అది వంకర తిరిగి ఉంది. మూడుసార్లు ముడి వేశావు, మూడుసార్లు విప్పావు. విప్పినా ఊలు మరిచిపోదు. ఎందుకు విప్పావో కూడా నాకు తెలుస్తోంది. తెల్ల ముళ్లు నా పని కాదని గొప్పగా రాశాను కదా. తెల్ల ముడి పడితే పెద్దమ్మ చేతులు దులిపేసుకుంటుందని, ఉత్తరాలు ఆగిపోతాయని అనుకున్నావు. నేను నిన్ను కాపాడటానికి పెట్టిన గీత నీకు గెంటేసినట్టు కనబడింది.

ఆ పద్ధతి మా అవ్వది కాదు. అది అబద్ధం. ఈ దారం పద్ధతి నేను ఇరవై ఏడేళ్ల కింద కల్పించుకున్నది, మీ అమ్మని పాతిపెట్టిన వారానికి. అప్పటి నుంచి ఊళ్లో కడుపుతో ఉన్న ప్రతిదానికీ కట్టాను.

మీ అమ్మకి, నా చెల్లెలు నేదాకి, ఎనిమిదో నెలలో కాళ్లు వాచాయి. మొహం ఉబ్బింది. ఒకరోజు వాకిట్లో కూర్చొని, "అక్కా, పట్టపగలే మిణుగురులు కనబడుతున్నాయే" అని నవ్వింది. నేనూ నవ్వాను. "నీ కూతురు దీపాలు పట్టుకొని వస్తోందే" అన్నాను. పక్కటెముకల కింద బరువంటే వెచ్చని గుడ్డ వేశాను. తల నొప్పంటే ఒళ్లో పెట్టుకొని పాడాను. నా చెయ్యి పడితే నొప్పి తగ్గుతుందని ఊరంతా అనేది, తగ్గింది కూడా. నొప్పి తగ్గింది, జబ్బు తగ్గలేదు. మా వాకిట్లో రెండు రోజులు కలప లారీ ఆగి ఉంది. డ్రైవరు టోపీ తీసి మరీ అడిగాడు, "పిల్లని పట్నం ఆసుపత్రిలో దింపనా అమ్మా?" అని. "నేనుండగా ఆసుపత్రెందుకయ్యా" అన్నాను. మూడో రోజు పొద్దున నేదా ఒళ్లంతా కొట్టుకుంది. నిన్ను బయటికి తీశాను. ఆమె కళ్లు తెరవలేదు.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలంటారు. నేను నిన్ను పట్టుకున్నాను, చెల్లెల్ని వదిలేశాను. అందుకే మీ నాన్న నాతో మాట్లాడడు. అతను చేసింది న్యాయమే. అందుకే నేను నీ గుమ్మం తొక్కలేదు. నువ్వు పుట్టి ఆమెని చంపలేదు రుమెనా. నువ్వు నా మొహం చూసి అసలు సంగతి అడుగుతావని భయపడ్డాను. ఈ చేతుల మీద ఎవరు నీళ్లు పొయ్యబోయినా తాళం వేసుకొని పారిపోవడం అందుకే.

నీ ఉత్తరంలో వెండి చేపలని చదివాను. అవి చేపలు కావు. అవి నేదా మిణుగురులు.

నువ్వు బతికి ఉండి ఇది చదివితే, ఇక నాకు రాయనక్కర్లేదు. బతికి ఉంటే చాలు.

కేరా

*

బుర్గస్ ఆసుపత్రి,
22 మే

పెద్దమ్మా,

బతికే ఉన్నాను. అదీ బతికే ఉంది. రెండు కిలోలకి కొంచెం తక్కువ. కోసిన కోడిపిల్లలా ఉందని నాన్న అన్నాడు, అని ఏడ్చాడు.

టెలిగ్రాము తెచ్చినతను నన్ను గట్టు మీద పట్టుకున్నాడు. చదివాను గాని నాకు నమ్మకం కలగలేదు, ఎండలో అంతా అంత అందంగా ఉంటే. "పాట పాడకు" అన్న దగ్గర మాత్రం భయం వేసింది. నువ్వు పాడొద్దన్నావంటే ఏదో ఉందన్నమాట. ఉప్పు లారీ ఆపి ఎక్కాను. చూశావా, ఈసారి లారీని పంపించెయ్యలేదు. ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు నన్ను మంచం మీదే తోసుకుంటూ పరిగెత్తింది. మర్నాడు ఆపరేషన్ చేశారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఇద్దరమూ ఉండేవాళ్లం కాదని డాక్టరు మెత్తగానే చెప్పాడు. స్టామెన్‌కి రేడియోలో కబురు వెళ్లింది. ఓడలో అందరికీ తన చేపల కూర తినిపించాడట, పాపం వాళ్లు.

కుట్లు లాగినప్పుడల్లా నీ పాట మూలుగుతున్నాను. పాడొచ్చా అని డాక్టర్‌ని అడిగి మరీ మొదలుపెట్టాను. పక్క మంచం ఆవిడా నేర్చుకుంది, ఇప్పుడు వార్డంతా ఒకటే తుమ్మెదల మోత. నర్సు చెవులు మూసుకుంటోంది గాని ఆపమనడం లేదు.

నీ ఉత్తరం నాన్న పన్నెండున తెచ్చి ఇచ్చాడు. వెంటనే రాయలేదు. కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఆ లారీని తలుచుకొని రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇరవై ఏడేళ్లు నేనే అమ్మని చంపాననుకొని పెరిగాను పెద్దమ్మా, నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది. అది నీకు చెప్పకుండా ఉండలేను. నువ్వు దాచింది నేనూ నేర్చుకున్నాను. మూడు తెల్ల ముళ్లు వేసి మూడూ విప్పాను.

తర్వాత నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. ఆయన పొయ్యి దగ్గరికి పోదామని లేచాడు, వార్డులో పొయ్యి లేదు. మళ్లీ కూర్చున్నాడు. "మిణుగురుల మాట నాతోనూ అంది. నేనూ నవ్వాను" అన్నాడు.

అప్పుడు నాకు కోపం నిలవలేదు. వెండి చేపలంటే ఏమిటో నాకు తెలియలేదు, గ్రోజ్దాకి తెలియలేదు, ఈ ఊళ్లో ఎవరికీ నేను చెప్పనైనా లేదు. నీకు తెలిసింది. ఆ తెలివి నీకు అమ్మ ఇచ్చి పోయింది. నువ్వు దాన్ని ఇన్నేళ్లూ దారం చేసి ఊరందరికీ కట్టావు.

మేము వచ్చే ఆదివారం ఇంటికి వెళ్లిపోతాం. స్నానం పొయ్యడానికి నాకు భయం, ఇది సబ్బు కన్నా జారుతుంది. నువ్వు రావాలి. గొర్రెల్ని ఎవరికైనా అప్పగించు. బస్టాండుకి నాన్న వస్తానన్నాడు. తానే అన్నాడు, నేను అడగలేదు. పిల్లకి పేరు కాగితం మీద రాయించాం గాని ఇంతవరకు ఎవరమూ నోటితో పిలవలేదు. నేదా అని మొదటిసారి నువ్వే పిలవాలి.

సబ్బు కొన్నాను. కొత్త తువ్వాలు గ్రోజ్దా ఇచ్చింది. నీళ్లు నేను పోస్తాను, జనవరి దాకా ఆగేది లేదు. తలుపుకి తాళం వేసి పారిపోదామంటే ఇక్కడ నీకు గొర్రెలు లేవు.

నీ రుమెనా